ఒకే అక్షరంతో జంతువులు: మా పాప నెమలిని 'మ' పళ్ళెంలో పెడుతోంది, తప్పనాలా వద్దా?

పర్లాకిమిడి_అమ్మ
మా పాపకి నాలుగున్నరేళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, నర్సరీలో ఒడియా, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు నేర్పాల్సింది నేనే. సబ్బు పెట్టెల అట్టలు కత్తిరించి జంతువుల బొమ్మలు అంటించాను. ఐదు స్టీలు పళ్ళేల్లో బియ్యప్పిండి పరిచి ఒక్కోదాంట్లో వేలితో ఒక అక్షరం రాస్తాను. ఏ జంతువు పేరు ఏ అక్షరంతో మొదలవుతుందో ఆ పళ్ళెంలో పెట్టాలి. మొదటి రెండు రోజులు భలే ఆడింది.

మూడో రోజు నుంచి మొదలైంది. నెమలిని తీసుకెళ్ళి 'మ'లో పెట్టింది. ఎందుకమ్మా అంటే "మయూర కదా" అంది, ఎదురింటి పాప అలాగే అంటుందట. ఎలుకనీ ఏనుగునీ ఒకే పళ్ళెంలో వేసింది. నేను కుక్కని 'క'లో పెట్టి చూపిస్తే "అది క కాదు, కు" అని నన్నే దిద్దింది. దానికి ఏం జవాబు చెప్పాలో నాకు నిజంగా తెలియలేదు.

మా అత్తగారు రెండు భాషలు కలిపి పిల్లని తికమక పెడుతున్నావంటున్నారు. ఒడియా మాట అన్నప్పుడల్లా తప్పు అని చెప్పాలా? సరిహద్దు ఊళ్ళలో పిల్లలకి నేర్పినవాళ్ళు చెప్పండి.

గుణుపురం_నాన్న
తప్పు అనకండి. నేను అన్నాను. మావాడికి పిల్లి బొమ్మ చూపిస్తే 'బ' అన్నాడు, బడిలో బిలేఇ అంటారు కాబట్టి. "తప్పు, ప" అని గట్టిగా అన్నాను. వారం అయింది, వాడు ఆ కార్డుల డబ్బా వైపు చూడటం లేదు. తీసి ముందు పెడితే పక్కకి తోసేస్తున్నాడు. నాకు మనసులో అదే మెదులుతోంది.

బరంపురం_బాబాయ్
నెమలిని 'మ'లో పెడితే తప్పెలా అవుతుందమ్మా? మయూరం తెలుగులో లేదా? ఇంకా చూడండి. కోతిని వాళ్ళు మాంకడ అంటారు, మనకి మర్కటం ఉంది. ఎలుక మూషా, మనకి మూషికం. ఎలుగుబంటి భాలు, మనకి భల్లూకం. ఏనుగు హాతీ, మనకి హస్తి. చిలుక శుఆ, మనకి శుకం. పిల్ల ఒడియా మాట అన్న ప్రతిసారీ దాని పక్కనే మన మాట ఒకటి ఉంది. అక్షరం కూడా అదే. రెండు పళ్ళేల్లోనూ పెట్టనివ్వండి, ఫుల్ మార్కులు వెయ్యండి.

జయపురం_మామ్మ
బాబాయ్ గారూ, నాలుగేళ్ళ గుంటకి మర్కటం, భల్లూకం ఎందుకండీ? ఇంట్లో ఎవరైనా "అదిగో మర్కటం గోడెక్కింది" అంటారా? నోట్లో లేని మాటకి అక్షరం నేర్పితే అది రెండో రోజుకి పోతుంది. అదీగాక ఆ అమ్మాయిది పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు. వాడుక భాషలో చదువు చెప్పాలని ఆయన అంత పోరాడిన ఊళ్ళో ఈ పిల్లకి గ్రాంథికం పెడతారా?

బరంపురం_బాబాయ్
మామ్మగారూ, దానికి ఎదురు చెప్పలేను. కానీ నేను పిల్లకి చెప్పమనలేదు. తల్లి మనసులో ఉంచుకుంటే చాలు, తప్పు అనబోయేటప్పుడు ఆగుతుంది.

పర్లాకిమిడి_అమ్మ
మామ్మగారూ, గిడుగు వారు 1880లో మా ఊరికి టీచరుగా వచ్చారు. కొండల్లోంచి వచ్చే సవరల మాట నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించాలని పుస్తకాలు రాశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. పిల్ల నోట్లో ఏ మాట ఉందో అక్కడే మొదలుపెట్టారాయన. మా పాప నోట్లో ఇప్పుడు రెండూ ఉన్నాయి. నా ఇబ్బందంతా అక్కడే.

రాయగడ_టీచరమ్మ
ముప్పై ఏళ్ళు చిన్నపిల్లలకి చెప్పాను. మా క్లాసులో తెలుగు, ఒడియా, కోందుల కువి భాష మాట్లాడే పిల్లలు ఒకే చాప మీద కూర్చునేవాళ్ళు. అడిగినవి ఒక్కొక్కటీ చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

ముందు ఎలుక, ఏనుగు. మీ పాప తప్పు చేయలేదు. ఒడియా వర్ణమాలలో మనలాగా ఎ, ఏ అని రెండు లేవు, ఒకటే. ఒ, ఓ కూడా అంతే. బడిలో రోజూ ఒక్క 'ఏ' చూసే పిల్లకి రెండూ ఒక గూటి పక్షులే. అక్షరం చూపించి తేడా చెబితే ఎక్కదు, చెవికి వినిపించాలి. నేను పిల్లల్ని నడిపించేదాన్ని. "ఎ-లు-క" అంటూ చిన్న చిన్న అడుగులతో గబగబా పరుగు. "ఏ...నుగు" అంటూ ఒక్క పెద్ద అడుగు, చెయ్యి తొండంలా ఊపుతూ. నాలుగు రోజుల్లో పట్టుకునేవాళ్ళు.

రెండోది, 'కుక్క క కాదు, కు' అన్నది. ఆ మాట అన్నందుకు పిల్లని ముద్దు పెట్టుకోండి. అంత సన్నగా వినే చెవి అందరికీ ఉండదు. మన చార్టుల్లో క పక్కన కుక్క బొమ్మ వేస్తే పిల్లకి వినిపించేది కు. అందుకే మొదటి వారం క, గ, మ లాంటి అక్షరానికి గుణింతం లేని పేర్లే ఎంచుకోవాలి. కప్ప, గద్ద, నక్క, తర్వాత బల్లి. అవి వచ్చాక కాకి, కుక్క, కోతి వీళ్ళంతా 'క ఇంటివాళ్ళు' అని చెప్పండి. ఇంటిపేరు ఒకటే, పేర్లు వేరు. పిల్లలకి అది వెంటనే అర్థమవుతుంది.

మూడోది నెమలి. అది అందరూ తేల్చండి, నాకూ రెండు మనసులుగా ఉంది.

సిరొంచ_గోదారి
టీచరమ్మా, ఎలుక చిన్నది కాబట్టి ఎ పొట్టి, ఏనుగు పెద్దది కాబట్టి ఏ పొడుగు అనుకుంటారు పిల్లలు. మా పెద్దోడు అట్లనే అనుకున్నాడు. ఆ తర్వాత ఒంటె వచ్చింది. అంత పొడుగు జంతువు, అక్షరం మాత్రం పొట్టి ఒ. వాడు 'ఓంటె' అని రాసి, నేను దిద్దితే ఏడ్చాడు. ఎలుగుబంటీ అంతే, పెద్దదే గానీ పొట్టి ఎ.

రాయగడ_టీచరమ్మ
నిజమే, మీరు చెప్పింది నాకూ ఎదురైంది. అందుకే జంతువు సైజుతో ముడిపెట్టకూడదు, పలికే కాలంతోనే. ఒంటెకి కూడా గబగబా అడుగే వేయించాలి.

సిరొంచ_గోదారి
మాకు ఇంకో గొడవ. ఇంట్లో బర్రె. బళ్ళో మరాఠీలో మ్హైస్. హైదరాబాద్ నుంచి తెచ్చిన చార్టులో గేదె. ఒక్క జంతువు, బ, మ, గ మూడు పళ్ళేలు. రాయలసీమ చుట్టం వచ్చి ఎనుము అంటే నాలుగోది. నెమలి గొడవ రెండు భాషలది, బర్రె గొడవ తెలుగు లోపలిదే. నేను చార్టు మీద గేదె అన్న మాట కొట్టేసి స్కెచ్ పెన్నుతో బర్రె అని రాశాను. పిల్ల పొద్దున లేచి చూసేది బర్రెనే, పాలు తాగేది బర్రెవే.

జయపురం_మామ్మ
బాగా చేశావు నాయనా. మావైపు కుందేలుని చెవులపిల్లి అంటాం. మా మనవరాలు చార్టులో 'క'లో కుందేలు చూసి "ఇది చ కదా మామ్మా" అంది. నేను చార్టునే తప్పన్నాను!

ధర్మాబాద్_మిర్చి
మా దగ్గర పిల్లలు పడే అసలు గుంట ఇది: మరాఠీలో మేంఢీ అంటే గొర్రె. తెలుగులో మేక అంటే మేక. రెండూ 'మే'తోనే మొదలు. మా చెల్లెలి కూతురు మేకని చూసి మేంఢీ అంటుంది, గొర్రె వస్తే ఏమనాలో తెలియక నా మొహం చూస్తుంది. అక్షరం సరిపోయినా జంతువు సరిపోలేదు. అందుకే నేను బొమ్మలు మానేసి సంతకి తీసుకెళ్ళాను. మేక గడ్డం పట్టుకోనిచ్చాను, గొర్రె ఉన్ని ముట్టుకోనిచ్చాను. "ఇది మేక, శేళీ. ఇది గొర్రె, మేంఢీ" అని రెండు పేర్లూ ఒకేసారి చెప్పాను. ఆ తర్వాత కలవరపడలేదు.

గుణుపురం_నాన్న
ఒడియాలోనూ మేంఢా అంటే గొర్రెనే, మేక ఛేళి. ఈ గుంట మనకి ఇటువైపు కూడా ఉందన్నమాట. రేపు చూసుకోవాలి.

బల్లార్షా_రైలు
అందరూ వేరుగా ఉన్నవాటి దగ్గర తలబద్దలు కొట్టుకుంటున్నారు. కలిసిన వాటితో మొదలుపెట్టొచ్చు కదా? కాకి మరాఠీలో కావళా, ఒడియాలో కాఉ. కుక్క కుత్రా, కుకుర. గాడిద గాఢవ్, గధ. మూడు భాషల్లోనూ క క క, గ గ గ. మా ఇద్దరు పిల్లలకీ మొదటి కార్డులు ఇవే. ఇంట్లో ఏ పేరు అన్నా, బయట ఏ పేరు విన్నా అదే పళ్ళెం. పిల్లకి ముందు గెలుపు రుచి దొరుకుతుంది, అప్పుడు పులి, వాఘ్, బాఘ లాంటివి వచ్చినా భయపడదు. మా ఊరు తాడోబా పులుల అడవి దగ్గర కాబట్టి మా పిల్లలకి పులి అంటే మాటల్లో రోజూ ఉండే జంతువే. ఇంట్లో పులి, స్నేహితుల దగ్గర వాఘ్. ఒక్కరోజు కూడా కలపలేదు.

రాయగడ_టీచరమ్మ
రైలు గారూ, ఇది ఇన్నేళ్ళలో నాకు తట్టలేదు. కాకితో మొదలుపెడితే ఇంకో లాభం ఉంది, అది తన అక్షరం తనే అరుస్తుంది. కా కా. మేక కూడా మే మే అని తన పేరు తనే చెబుతుంది.

పర్లాకిమిడి_అమ్మ
కాకి మా పెరటి జామచెట్టు మీదే ఉంటుంది. రేపు పొద్దున అన్నం ముద్ద పెట్టేటప్పుడే మొదలుపెడతాను.

జయపురం_మామ్మ
గుణింతాల దగ్గరికి వచ్చాక మా నాన్న మాకు నేర్పిన ఆట ఒకటి చెబుతాను. కు కి కొమ్ము ఉంది కదా, "కుక్కకి కొమ్ము మొలిచింది" అని మొదలెట్టేవాడు. మేము పడీ పడీ నవ్వేవాళ్ళం. కాకికి దీర్ఘం. చిలక్కి గుడి, గుళ్ళో గోపురం మీదే కదా దాని కాపురం. పాముకి దీర్ఘం, అది నిజంగానే పొడుగు. ఆ తర్వాత పొడుపుకథ వేసేవాడు: తల మీద కొమ్ములు లేవు గానీ అక్షరానికి ఉంది, ఎవరు? గుర్రం. తల మీద రెండు కొమ్ములు, మొదటి అక్షరానికి మాత్రం లేదు, ఎవరు? గేదె. ఇది విన్న పిల్ల గు ని, గే ని జన్మలో కలపదు. బర్రె ఇంటివాళ్ళు బర్రెతోనే ఆడుకోండి, బ కి కూడా కొమ్ము లేదు.

సిరొంచ_గోదారి
మామ్మా, ఇది ఈ రాత్రే ఆడిస్తా.

గుణుపురం_నాన్న
మరి ఖాళీ అక్షరాల సంగతి? ఖ కి ఖడ్గమృగం ఉంది. ఐ కి ఐరావతం అని పురాణంలోకి వెళ్ళాలి. ఋ కి, ఔ కి, ణ కి వాడుకలో ఏ జంతువూ లేదు. మావాడు "ఋ లో ఎవరూ ఉండరా నాన్నా" అని జాలిగా అడిగాడు.

బరంపురం_బాబాయ్
ఋ కి మా జిల్లా నది ఉంది! ఋషికుల్య. ఆ నది సముద్రంలో కలిసే చోట, మా గంజాం తీరంలో, ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుంపులు గుంపులుగా వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఒకటిన్నర, రెండు నెలలకి పిల్లలు బయటికి వచ్చి సముద్రం వైపు పాకుతాయి. మా మనవడిని ఒకసారి తీసుకెళ్ళాను. అరచేతిలో పట్టేంత పిల్ల, వాడి చెప్పు పక్కనుంచే వెళ్ళింది, వాడు ఊపిరి బిగబట్టి కదలకుండా నిలబడ్డాడు. ఆ రోజు నుంచి వాడికి ఋ అంటే తాబేలు ఇల్లు, త అంటే తాబేలు.

బల్లార్షా_రైలు
బాబాయ్ గారూ, ఇది చదువుతుంటే ఒళ్ళు పులకరించింది.

సిరొంచ_గోదారి
య కి కూడా కష్టమే కదా. మాకు దొరికింది. సిరొంచ దగ్గర ప్రాణహిత ఒడ్డున కోట అనే ఊరుంది. ఆ ఊరి పేరుతోనే కోట శిలలు అంటారు. నది అవతల యామన్‌పల్లి దగ్గర ఆ రాళ్ళలో దొరికిన డైనోసార్‌కి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టారు. మా చిన్నదానికి డైనోసార్లంటే పిచ్చి. 'క'లో కుక్క, కాకి, కప్ప పక్కన కోటసారస్ పెడుతుంది. మన ఊరి పక్క జంతువు కదా నాన్నా అంటుంది. క కి క, య కి య.

ధర్మాబాద్_మిర్చి
మీ చిన్నదాని 'క' పళ్ళెం అందరిలోకీ బరువైనది అన్నమాట.

రాయగడ_టీచరమ్మ
ఒక్క మాట. ప్రతి అక్షరానికీ జంతువు దొరకాలని పట్టుబట్టకండి. ణ తో తెలుగులో మాటలే మొదలుకావు, పిల్లకి అదే చెప్పండి: "ణ ముందు నిలబడదు, మధ్యలో దాక్కుంటుంది. వీణలో వెతుకు." దాక్కున్నదాన్ని వెతకడం పిల్లలకి ఇష్టం. చార్టు నిండాలని జంతువుల్ని ఎక్కడెక్కడినుంచో లాక్కొస్తే పిల్లకి గుర్తుండేది ఏమీ ఉండదు.

బరంపురం_బాబాయ్
'క'కి ఇంకొకటి. ఒడిశా రాష్ట్ర జంతువు కణుజు, అదే సాంబర్ దుప్పి, మనవైపు కణితి అంటారు. ఆంధ్ర రాష్ట్ర జంతువు కృష్ణజింక. గీతకి అటూ ఇటూ రెండూ 'క' ఇంటివాళ్ళే. కృష్ణజింకలు మా గంజాంలోనూ ఉన్నాయి, ఆస్కా దగ్గర భేట్నోయి వైపు పొలాల్లోనే తిరుగుతాయి. రైతులు వాటి జోలికి పోరు.

గుణుపురం_నాన్న
కృ కి ఋత్వం. నాలుగేళ్ళవాళ్ళకి ఇప్పుడే వద్దు బాబాయ్.

ధర్మాబాద్_మిర్చి
గబ్బిలం గురించి ఎవరైనా చెప్పండి. గ పళ్ళెంలో గద్ద, గోరింక, గుడ్లగూబ, గబ్బిలం కలిసి ఉంటే మా పిల్ల నాలుగూ పక్షులే అంటోంది.

రాయగడ_టీచరమ్మ
అక్షరం ఆట అయ్యాక అదే పళ్ళెం ఖాళీ చేయించి ఇంకోసారి వేరు చేయించండి: గుడ్లు పెట్టేవి ఇటు, పాలిచ్చేవి అటు. గబ్బిలం పిల్లని కని పాలిస్తుందంటే కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు. అక్షరం ఒకటైనంత మాత్రాన జాతి ఒకటి కాదని అప్పుడే తెలుస్తుంది. సాలీడు, సింహం కూడా 'స' ఇంటివాళ్ళే కదా.

పర్లాకిమిడి_అమ్మ
నాలుగు రోజులయింది, ఏం జరిగిందో చెబుతాను.

మొదటి రోజు పొద్దున కాకికి ముద్ద పెట్టి, అది అరవగానే "ఏమంటోంది?" అన్నాను. "క" అంది, వెంటనే "కా" అని దిద్దుకుంది. లోపలికి వచ్చి పిండిలో క రాసి పక్కన దీర్ఘం తనే గీసింది, ఎక్కడ చూసిందో తెలియదు. గోడ మీద మా జిల్లా పేరు చూపించి గజపతిలో గజం అంటే ఏనుగు అని చెప్పాను. అయితే మన ఊరు ఏనుగుదా అని అడిగింది. ఎలుక, ఏనుగు నడక వరండాలో రోజూ నడుస్తోంది. మా అత్తగారు కూడా తొండం ఊపుతున్నారు. ఆవిడే పాపకి ఛేళి, మేక రెండూ చెబుతున్నారు ఇప్పుడు.

కుక్కకి కొమ్ము మొలిచిందంటే పాప నేల మీద దొర్లి నవ్వింది. మధ్యాహ్నం వీధికుక్క తల మీద చెయ్యి పెట్టి వెతకబోయింది, పట్టుకుని లాక్కొచ్చాను.

నెమలి సంగతి. టీచరమ్మగారికి రెండు మనసులు, బాబాయ్ గారు రెండు పళ్ళేలన్నారు. నేను ఇంకో అట్ట కత్తిరించి రెండో నెమలి తయారుచేశాను, న లో ఒకటి, మ లో ఒకటి పెట్టుకోమని. పాప రెండోది తీసి నా చేతిలో పెట్టేసింది. "నెమలి ఒక్కటే కదమ్మా" అంది. న పళ్ళెం, మ పళ్ళెం రెండూ దగ్గరికి జరిపి, వాటి అంచుల మీద ఆ ఒక్క కార్డునీ అడ్డంగా పెట్టింది. తల న వైపు, తోక మ వైపు. కాసేపు చూసి, పడిపోకుండా మధ్యలో చిన్న గిన్నె ఆనించింది.

రాయగడ_టీచరమ్మ
నా ముప్పై ఏళ్ళలో ఈ జవాబు నాకు ఎవరూ చెప్పలేదు. ఆ కార్డు పారేయకుండా దాచండి తల్లీ.

బల్లార్షా_రైలు
మా ఇంట్లోనూ పళ్ళేలు దగ్గరికి జరిగాయి. ఇక్కడ పులిది ఆ చోటు, ప కి వ కి మధ్య.

గుణుపురం_నాన్న
ఇది చదివి పాత డబ్బా దులిపి మంచం మీద ఊరికే పెట్టి వచ్చాను, ఏమీ అనలేదు. అరగంటకి మావాడు పిల్లి కార్డు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "నాన్నా, బిలేఇని ఎక్కడ పెట్టాలి?" అన్నాడు. రెండు పళ్ళేలు కిందకి దించాను.